కొర్రమీను పాఠం చెప్పిన టీచరుగారు

మా టీచరుగారు పోయారని పోయిన గురువారం కార్డు వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ వదినగారు రాయించారు. చావు కబురు తెచ్చిన కార్డు గడప దాటించకూడదంటారు కాబట్టి, బడి అరుగు మీదే నిలబడి చదివి అక్కడే చింపేశాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. కోపం వచ్చింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలని నాకూ తెలుసు. మంచి బోలెడంత ఉంది, అదంతా రాస్తాను. మిగతాది కూడా రాస్తాను.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు నేను ఏలూరులో ఆడవాళ్ల ట్రైనింగు స్కూల్లో చేరాను. మాది కొల్లేట్లో ఒక లంక. నాన్న వల వేసేవాడు, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏలూరు బజారుకి వచ్చేది. మా ఊళ్లో సంతకం పెట్టగలిగిన ఆడమనిషి లేదు. పాసయితే నాకు టీచరు ఉద్యోగం, తప్పితే అమ్మ తట్ట. మధ్యలో ఇంకో దారి లేదు.

టీచరుగారికి అప్పటికి నలభై ఉంటాయేమో. పన్నెండో ఏట భర్త పోయాడట. ముతక తెల్లచీర, నెత్తిన ముసుగు, చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ. సుద్దముక్క ముట్టుకున్న ప్రతిసారీ వేళ్లు తుడుచుకునేవారు. మాకు శరీరశాస్త్రం చెప్పేవారు. మెదడు పాఠం మొదలుపెట్టిన రోజు పుస్తకం తెరవనే లేదు.

"కళ్లు మూసుకుని చూపుడువేలితో ముక్కు ముట్టుకోండి" అన్నారు. అందరం ముట్టుకున్నాం. "కళ్లు మూసుకున్నారు కదా, ముక్కు ఎక్కడుందో వేలికి ఎవరు చెప్పారు?"

ఆవిడ ఆగలేదు. "పొయ్యి మీద గిన్నె చురుక్కుమంటే ముందు చెయ్యి తీస్తారా, ముందు కాలిందనుకుంటారా?" ఇంట్లో వంట చేసే పిల్లలమే అందరం. చెయ్యే తీస్తామండీ అని ఒక్కసారిగా అరిచాం. "అయితే పైన మెదడుకి కబురు అందేలోపే కింద ఎవరో పని కానిచ్చేశారన్నమాట. వాళ్లెవరో రేపు చూద్దాం" అని వెళ్లిపోయారు. ఆ రాత్రి హాస్టల్లో మేమందరం ముక్కులు ముట్టుకుంటూ, ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటూ గడిపాం.

ఏదైనా అడిగితే జవాబు రానప్పుడు మిగతా టీచర్లు కసిరేవారు. ఈవిడ మాత్రం "నాకు తెలీదు, చూసి చెబుతాను" అనేవారు. "తెలీదనడానికి సిగ్గుపడితే టీచరు కాలేరర్రా" అని మాకు చెప్పేవారు. చూసి వచ్చి చెప్పేవారు కూడా.

చేప మెదడు గురించి చెబుతున్న రోజున నేను నోరు ఊరుకోక లేచాను. కొర్రమీను నీళ్లలోంచి తీసినా ఒక పట్టాన చావదని, మా అమ్మ కళ్ల వెనక ఒక చోట చూసి చీలతో ఒక్క పోటు పొడుస్తుందని, ఆపైన అది ఎగరదు గాని తోక మాత్రం కాసేపు ఆడుతుందని చెప్పాను. వెనక బెంచీ పిల్లలు ముక్కులు మూసుకున్నారు. టీచరుగారు నా బెంచీ దగ్గరికే వచ్చేశారు.

"ఎక్కడ? సరిగ్గా ఎక్కడ పొడుస్తారు?"

బోర్డు మీద చేప తల గీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "మెదడెక్కడుందో మీ అమ్మగారు నాకంటే బాగా ఎరుగుదురే. తోక ఆడించేది వెన్నుపాము. పొయ్యి దగ్గర మీ చెయ్యి తీయించింది కూడా అదే" అన్నారు. మా అమ్మని 'గారు' అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ మాటకి ఆవిడ కోసం గోదాట్లో దూకమన్నా దూకేదాన్ని.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు తనిఖీకి వచ్చేముందు టీచరుగారు నన్ను పక్కకి పిలిచారు. "బతికున్న కొర్రమీను ఒకటి తెప్పించగలవా అమ్మాయ్? ఆవిడ ముందు నువ్వే చేసి చూపిద్దువుగాని" అన్నారు. టీచరుగారిది చేప వాసన సోకితే స్నానం చేసే ఇల్లు. అడగడానికి ఎంత ధైర్యం కూడదీసుకున్నారో నాకు అర్థమైంది.

అమ్మ కుండలో నీళ్లు పోసి చేపని గేటు దగ్గరికి తెచ్చింది. "ఏంటే, పంతులమ్మగారు చేపలు తింటన్నారా?" అంది. పాఠానికే అని చెప్తే పడీపడీ నవ్వింది. "చేతికి బూడిద రాసుకో మరి. జారిపోద్ది" అని గుడ్డలో మూటకట్టిన బూడిద కూడా ఇచ్చింది. కొల్లేట్లో పుట్టినవాళ్లెవరూ బూడిద లేకుండా కొర్రమీను మీద చెయ్యి వెయ్యరు.

ఆ మూట చూసి టీచరుగారు, "వద్దమ్మా, పెద్దవాళ్ల ముందు బల్ల మీద బూడిదేంటి, అసహ్యంగా ఉంటుంది" అన్నారు. నేను సరేనండీ అన్నాను. బుద్ధి లేనిది నేనే.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు, ఆవిడ పక్కన స్కూలు కమిటీ పెద్దాయన కుర్చీల్లో కూర్చున్నారు. నేను చీల ఎత్తాను. చేప చేతిలోంచి జారి, పళ్లెం తన్నేసి, సూటిగా ఆ పెద్దాయన జరీ పంచె మీద పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. పిల్లలు కెవ్వున అరిచారు. ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"స్కూల్లోకి నీచు ఎవరు తెచ్చారండీ?" అని పెద్దాయన లేస్తూనే కేకలేశారు. "ఎవరు తెమ్మన్నారు?"

నేను టీచరుగారి వైపు చూశాను. ఆవిడ చెబుతారు కదా అని నేను నోరు విప్పలేదు. ఆవిడ తడిగుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ, "నాకు తెలీదండి. ఆ అమ్మాయే తెచ్చింది" అన్నారు.

నాకు తెలీదు అన్న మాట ఆవిడ నోట ఎన్నోసార్లు విన్నాను. అబద్ధంగా వినడం అదే మొదటిసారి.

సాయంత్రానికి నా పెట్టె గేటు బయట ఉంది. పరీక్షలకి రెండు నెలలే ఉన్నాయి. అమ్మ బజారు నుంచి ఖాళీ తట్టతో వచ్చి నా పక్కనే కూర్చుంది.

"తెమ్మన్నది ఆవిడే కదే?"

"అవునమ్మా."

"మరి నువ్వన్నా చెప్పలేదా?"

ఆవిడే చెబుతారనుకున్నానని ఎలా చెప్పను? ఆ తర్వాత రెండేళ్లు నేనూ తట్ట మోశాను. అమ్మ పుస్తెలు అమ్మి నన్ను మళ్లీ రాజమండ్రి పంపించబట్టి గాని, ఇవాళ ఈ అరుగు మీద ఉండేదాన్ని కాదు.

ఉద్యోగం వచ్చాక ఒకసారి భీమడోలు ప్లాట్‌ఫారం మీద ఆవిడ ఎదురయ్యారు. తప్పుకుంటారనుకున్నాను. దగ్గరికే వచ్చి, "పిల్లలకి మెదడు పాఠం చెబుతున్నావా?" అని అడిగారు. చెబుతున్నానండీ అన్నాను. ఎందుకలా చేశారండీ అని కూడా అడిగేశాను.

ఆవిడ దాటవేయలేదు. "ఆ ఉద్యోగం పోతే నేను మళ్లీ అన్నయ్యగారి వంటింట్లోకి వెళ్లాలమ్మా. నీకు మీ అమ్మ ఉంది" అన్నారు. రైలు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.

అంటే ఆ ఒక్క క్షణంలో ఇద్దరినీ బేరీజు వేసి, తట్టుకోగలదాన్ని నేనే అని తేల్చేసుకున్నారన్నమాట. నాకు అమ్మ ఉండటమే నేను చేసిన నేరం అయింది. అర్థం చేసుకున్నాను. అర్థమైనంత మాత్రాన మంట తగ్గలేదు. తప్పు నాదే అన్న ఒక్క మాట ఆవిడ అనలేదు, నాకు కావలసింది అదొక్కటే. ప్రతి ఏడూ మా బడి పిల్లల చేత ముక్కు ముట్టిస్తూనే ఉన్నాను. ఆవిడ ప్రశ్నలే అడుగుతాను. అంతకంటే మంచి ప్రశ్నలు నాకు రాలేదు.

నెల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చిందని తెలిసి తాడేపల్లిగూడెం వెళ్లాను. ఏ ఇంటికి రాకూడదనుకున్నారో ఆ ఇంట్లోనే, వంటింటి పక్క వసారాలో పడుకోబెట్టారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. "ఏం చెప్పినా తెలీటం లేదండి" అన్నారు వదినగారు. తెలుస్తుందని నాకు తెలుసు. మాట పలికించే చోటు వేరు, మాట అర్థమయ్యే చోటు వేరు. ఒకటి పోయినా రెండోది మిగలొచ్చు. నేను పేరు చెప్పగానే ఆవిడ కళ్లు నా మీదికి తిరిగాయి.

మంచం దగ్గర కూర్చుని, "ఆ రోజు చేప తెమ్మన్నది మీరే కదండీ టీచరుగారూ?" అని అడిగాను. వదినగారు అక్కడే నిలబడి ఉన్నారు. అవునని తల ఊపడానికి మాట అక్కర్లేదు. మెడ ఆడుతోంది, నేను చూశాను. ఆవిడ నన్ను చూశారు, వదినగారి వైపు చూశారు. కళ్లు మూసుకున్నారు.

బస్సుకి వేళయిందని లేచాను. నా కొంగు రాలేదు. ఆవిడ ఎడమ చెయ్యి దాన్ని గుప్పిట పట్టుకుని ఉంది. కళ్లు తెరవలేదు, చెయ్యీ వదల్లేదు. వదినగారు చూస్తుండగా ఆ వేళ్లు ఒక్కొక్కటే నేనే విప్పుకుని వచ్చేశాను.