నాన్న దగ్గర ఏడవని పిల్ల

లిఫ్టు మెకానిక్‌కి కూతురి విషయంలో ఒక్కటే గర్వం. పిల్ల తన దగ్గర ఏడవదు. మిగతా అందరి దగ్గరా ఇల్లు పీకి పందిరేస్తుంది. చూస్తే గుప్పెడంత మనిషి, నాలుగేళ్ళు. గొంతు విప్పిందంటే ఎదురింటివాళ్ళు కూడా బయటికి రావాల్సిందే. అందుకే అందరూ మిరియం అని పిలిచేవారు.

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు, పెంపకాలూ మూడు. మందుల దుకాణంలో పనిచేసే భార్యది బేరాల పద్ధతి. "మేజోళ్ళు వేసుకుంటే బిస్కెట్టు ఇస్తా" అంటుంది. "రెండు" అంటుంది మిరియం. కాళ్ళు రెండు కదా, కాదనడానికి లేదు. అతని అత్తగారిది అడిగింది ఇచ్చేసే పద్ధతి. పిల్ల పెదవి విరిచేలోపే "అయ్యో నా తల్లే" అని పరిగెత్తుకొచ్చి, ఏది వద్దన్నారో సరిగ్గా అదే చేతిలో పెట్టేస్తుంది. ఇక మెకానిక్‌ది ఒకటే మాట.

"నోర్ముయ్. ఏడ్చావంటే చూడు."

ఏడిస్తే ఏమవుతుందో అతనెప్పుడూ చెప్పలేదు. చెయ్యెత్తిందీ లేదు. ఆ గొంతే చాలు. అది వినగానే పిల్ల ఏడుపు దిగమింగుకుని, గోడవైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"చూశారా అత్తయ్యా, పెంపకమంటే ఇదీ" అనేవాడు.

"ఏం పెంపకం బాబూ, పసిది బిగుసుకుపోతుంటే!"

"మీరు నెత్తికెక్కించుకోబట్టే కదా నేను దింపాల్సొస్తోంది!"

"ఇద్దరూ ఆపుతారా లేదా?" అని భార్య విసుక్కునేది. "పక్కింటివాళ్ళు మన పిల్ల ఏడుపు భరిస్తున్నారు గానీ మీ గొడవ భరించలేకపోతున్నారు."

రోజూ ఇదే గోల. ఈలోగా ఎవరి దగ్గర ఎలా మసులుకోవాలో మిరియం బాగానే నేర్చుకుంది.

ఒకసారి అత్తగారు వారం రోజులకని చుట్టాలింటికి వెళ్ళింది. ఆ సాయంత్రం భార్యకి డ్యూటీ ఉండటంతో ఇంట్లో తండ్రీకూతుళ్ళే మిగిలారు. అతను టీవీ చూస్తుంటే లోపలి గదిలో బీరువా తలుపు ధడాలున మూసుకుంది.

"ఏమైందే?"

"ఏం లేదు నాన్నా."

లేదంటే లేదనుకున్నాడు. పిల్ల వచ్చి గోడవారగా కూర్చుంది. అన్నం పెడితే చెంచా ఎడంచేత్తో పట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పాలి? కుడిచేత్తో తిను" అని గదిమాడు. చెంచా చెయ్యి మారింది, సగం అన్నం నేలపాలైంది. దానికీ నాలుగు చీవాట్లు పెట్టాడు.

భార్య ఇంటికొచ్చి పిల్లకి గౌను మారుస్తుంటే కుడిచేతి చూపుడువేలు కనబడింది. ఉబ్బిపోయి, గోరు నల్లగా కమిలి ఉంది.

"ఇంత దెబ్బ తగిలితే చెప్పవేంటమ్మా?"

"నాన్న ఉన్నాడుగా" అంది మిరియం.

"నేనున్నాను కాబట్టే కదే చెప్పాల్సింది!" అని మెకానిక్ అరిచాడు. పిల్ల వెంటనే గోడవైపు తిరిగిపోయింది. భార్య అతనివైపు ఒక్క చూపు చూసి, పిల్ల వేలికి కట్టు కట్టింది. ఆ చూపుకంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు వేలికి కట్టు ఉందని బడిలో ఉంచుకోలేదు. భార్యకి సెలవు లేదు. "మీతో తీసుకెళ్ళండి" అంది. పిల్లని చంకనేసుకుని లిఫ్టులు బాగుచెయ్యాలా అని దారి పొడుగునా సణుక్కుంటూనే తీసుకెళ్ళాడు.

పొద్దున్నే ఒక పెద్ద భవనం నుంచి పిలుపొచ్చింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ తలుపు బాదుతూ ఏడుస్తోంది. తోటి మెకానిక్ కరెంటు ఆపి పైన మోటారు గదిలోకి వెళ్ళాడు. ఇతను పిల్లని మెట్ల మీద కూర్చోబెట్టి, తలుపు సందు దగ్గర నోరు పెట్టాడు.

"అమ్మా, నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళను."

"ఊపిరాడటం లేదు బాబూ, నాకు భయంగా ఉంది!"

"భయం వెయ్యదా మరి, ఎవరికైనా వేస్తుంది. ఏడుపొస్తే ఏడవండమ్మా, తప్పేం లేదు. గాలి బాగానే వస్తుంది. నాతో మాట్లాడుతూ ఉండండి."

పైనున్నవాడు చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని అంతస్తు దాకా తెచ్చేవరకూ అలా మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. తలుపు తీయగానే ఆవిడ అతని చేతులు పట్టుకుని మరీ దండం పెట్టింది.

ఆవిడ వెళ్ళాక మిరియం అడిగింది. "నాన్నా, ఆవిడ ఏడుస్తుంటే నోర్ముయ్ అనలేదేం?"

"పాపం, ఆవిడ భయపడింది కదమ్మా."

"నేనూ భయపడ్డాను. బీరువా తలుపు పడ్డప్పుడు."

తోటివాడు దిగొచ్చి "పోదామా?" అంటే, "ఆగరా బాబూ, ఒక్క నిమిషం!" అని మెకానిక్ కసురుకున్నాడు. ఆ కోపం వాడి మీది కాదు. కూతురి పక్కన మెట్టు మీద కూలబడి, కట్టు కట్టిన వేలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాగా నొప్పెట్టిందా?"

మిరియం అతని ముఖంలోకి అనుమానంగా చూసింది. తల ఊపింది, కానీ ఏడవలేదు.

ఇక తిట్టకూడదనుకున్నాడు. అనుకున్నంత తేలిక కాలేదు. పాలు ఒలికితే "ఏయ్!" అని నోరు జారి, నాలిక కరుచుకునేవాడు. పిల్ల అప్పటికే గోడవైపు తిరిగిపోయి ఉండేది. బతిమాలి మళ్ళీ ఇటు తిప్పుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చేది. "ఇంత నెమ్మదిగా మాట్లాడుతుంటే ఇంకా నమ్మదేంటే?" అని భార్య మీద విసుక్కున్నాడు. "నాలుగేళ్ళు అరిచి, నాలుగు రోజుల్లో నమ్మమంటే ఎలా?" అంది ఆవిడ.

చాలా వారాల తర్వాత ఒక పొద్దున, పనికి ఆలస్యమవుతోందని అతనే అరటిపండు వొలిచి పిల్లకి ఇచ్చాడు. అంతే, మిరియం నేలమీద పడి దొర్లింది.

"నేను వొలుచుకుంటానన్నాను! నువ్వెందుకు వొలిచావు?"

అతని దగ్గర అది మొదటి ఏడుపు. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. మెకానిక్ తొక్క తీసుకుని మళ్ళీ పండుకి చుట్టబెట్టి చూశాడు, నిలవలేదు. ఊళ్ళో ఎన్ని యంత్రాలు బాగుచేశాడు, ఈ ఒక్క అరటిపండు తన చేత కావడం లేదు.

"ఏంటల్లుడూ, చూస్తూ కూర్చున్నావు? ఇంకో పండు ఇవ్వనా?" అంది చుట్టాలింటి నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన అత్తగారు.

"వద్దత్తయ్యా, మీకు దండం పెడతాను, ఇవ్వకండి. ఏడవనివ్వండి."

పళ్ళు బిగించి పక్కనే కూర్చున్నాడు. "వొలుచుకోవాలనుకున్నావు కదూ? నేను తొందరపడ్డాను" అన్నాడు. గొంతులో విసుగు దాగలేదు. అయినా మిరియం గోడవైపు తిరగలేదు. ఓపిక ఉన్నంతసేపూ అతని మీద పడే ఏడ్చి, ఇస్త్రీ చొక్కాకి ముక్కు తుడిచి, ఆ పండే తినేసింది.

ఆరోజు పనికి బాగా ఆలస్యంగా వెళ్ళాడు.