యమున చేతి జావ

మస్తానమ్మకు తోడికోడలు మందు పెట్టిందని నడికుడి దగ్గరున్న ఆ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ మందు ఒంటికి మేలు చేసేది కాదు. కూరలోనో మజ్జిగలోనో కలిపి పెడితే కడుపులో ఉండకట్టుకుని, తిన్న మనిషిని లోపల్నుంచి ఎండబెట్టేది. పెడుతుండగా ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. చెప్పేటప్పుడు మాత్రం అందరూ పొయ్యి పక్కన నిలబడి చూసినట్టే చెబుతారు.

"పింకీ ఓణీల ఫంక్షన్లోనే పెట్టిందమ్మా," అనేది ఎదురింటి యశోద, కుళాయి దగ్గర బిందె దించి మరీ. "నాటుకోడి కూరలో. తిని లేచిందో లేదో, ఆ ఇంటెనకే గోడ పట్టుకుని కక్కింది. నా కళ్ళతో చూశా. ఆ రోజు పట్టుకుంది, ఇంక వదల్లా. పెద్దకోడలి పెత్తనం పోవాలని పెట్టింది. లేకపోతే అట్టాంటి మడిసి ఇట్టా అయిద్దా?"

నిజానికి మస్తానమ్మ అట్టాంటి మనిషే. నాపరాళ్ళ క్వారీలో మగవాళ్ళ పక్కన నిలబడి రాళ్ళు ఎత్తింది. క్వారీ మేస్త్రి కూడా ఆమెతో మాట పెంచుకునేవాడు కాదు. అలాంటిది మెడ ఎముకలు బయటపడి, జాకెట్టు భుజాల మీంచి జారిపోయేదాకా వచ్చింది. అన్నం పెట్టుకుంటే నాలుగు ముద్దలకే ఆగిపోయేది. లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, రొమ్ము విరుచుకుని, చెంబెడు నీళ్ళు గటగటా పోసుకునేది. ఒక్కోసారి ఆ బరువుకు అన్నం దిగేది. ఒక్కోసారి నీళ్ళతో సహా వెనక్కి వచ్చేది. పడుకుంటే ముక్కులోంచి వచ్చేది. అందుకని గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది.

పింకీ తల్లి యమున ఆ పక్క వాటాలోనే ఉంటుంది. మస్తానమ్మ భర్త నాగయ్య, యమున భర్త కోటి సొంత అన్నదమ్ములు. రెండిళ్ళకూ నడిమి గోడ ఒకటే. మస్తానమ్మ రాత్రంతా దగ్గుతుంటే ఇవతల యమునకు వినిపించేది. అలా విని కూడా ఆరేళ్ళుగా ఆమె గోడ అవతలికి ఒక గ్లాసు మజ్జిగ పంపలేదు. పంపితే తాగేవాళ్ళెవరు?

ఆ మాట పుట్టాక యమున చేతిది ఎవరూ తినలేదు. పెళ్ళిళ్ళలో వడ్డించబోతే చేతిలోని గరిటె ఎవరో ఒకరు నవ్వుతూనే తీసుకునేవాళ్ళు. "నువ్వు కూర్చోమ్మా, అలిసిపోయావ్," అనేవాళ్ళు. ఇంటికొచ్చిన చుట్టానికి టీ ఇస్తే, "ఇప్పుడే తాగొచ్చా," అనేవాళ్ళు. దాంతో యమునకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరికి ఏమిచ్చినా ముందు తను ఒక గుక్క తాగేది, ఒక ముద్ద తినేది. వాళ్ళు అడగకముందే. చివరికి కన్నబిడ్డ పింకీకి పాలిచ్చేటప్పుడు కూడా.

మొదట్లో నాగయ్య భార్యను వెల్దుర్తి వైపు మందు కక్కించే ముసలాయన దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాడు. యశోద కూడా వెంట వెళ్ళింది. ముసలాయన ఏదో ఆకు పసరు పోశాడు. మస్తానమ్మ కక్కింది. అందులో నల్లగా, పీచు చుట్టుకుని, నిమ్మకాయంత ఉండ ఒకటి పడింది. "ఇదే," అన్నాడాయన. ఆ రోజుతో ఊళ్ళో యమున పని అయిపోయింది. ఉండ బయటపడ్డా మస్తానమ్మకు ముద్ద దిగలేదు. వేర్లు లోపలే ఉండిపోయాయని అందరూ సరిపెట్టుకున్నారు.

తర్వాత నరసరావుపేటలో చూపించారు. అక్కణ్ణుంచి గుంటూరు పంపారు. గొంతులో బుడగ దించి దారి వెడల్పు చేశారు. కొన్నాళ్ళు తిన్నది. మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ చేశారు. మూడోసారి వెళ్తే, ఇక బుడగతో కాదు, పెద్ద ఆపరేషన్ చేయాలన్నారు.

అవి మిరపకోతల రోజులు. ఏ ఇంట్లోనూ ఆడమనిషి ఖాళీగా లేదు. మస్తానమ్మ కొడుకు రాజీవ్ విశాఖలో ఏదో కొట్లో పనికి కుదిరి నెల తిరగలేదు. ఆడవాళ్ళ వార్డులో రాత్రి మగవాళ్ళను ఉండనివ్వరు. నాగయ్య వచ్చి యమున గుమ్మం బయటే నిలబడ్డాడు. చాలాసేపు తలుపు చెక్కను గోటితో గీకాడు.

"అమ్మాయ్," అన్నాడు. "నువ్వు వస్తావా?"

యమున ఏమీ అనకముందే లోపల్నుంచి కోటి అన్నాడు. "పోబాకే. అక్కడేదన్నా అయితే నీ మెడకే చుట్టుకుద్ది."

"ఇక్కడుంటే మాత్రం? ఇంట్లో కూర్చుని చంపిందంటారు," అని యమున సంచీలో రెండు చీరలు కుక్కుకుంది.

ఆమె దయతో వెళ్ళలేదు. మస్తానమ్మ ఆ ఆపరేషన్ బల్ల మీద పోతే తన పేరు మీద ఆ మాట రాయి మీద చెక్కినట్టు ఉండిపోతుంది. రేపు పింకీకి సంబంధం వచ్చినా ముందు ఆ మాటే వస్తుంది. అందుకని మస్తానమ్మ బతికి తీరాలి. రైల్లో గుంటూరు దాకా యమున మనసులో ఉన్నది అదొక్కటే. ఎదురు సీట్లో మస్తానమ్మ ప్లాస్టిక్ కవరు నోటి దగ్గర పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో తెల్లటి చిక్కటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. పెద్ద డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. "ఇది గొంతు నుంచి కడుపులోకి పోయే గొట్టం. ఇదిగో, చివర ఇక్కడ బిగుసుకుపోయింది, తెరుచుకోదు. తిన్నది పైనే నిలబడిపోతుంది. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి గొట్టం సంచిలా సాగి, వంకర తిరిగింది. మూడు నాలుగు రోజుల కిందటి అన్నం, ఆకుకూర పీచు కూడా ఇందులో కుళ్ళుతూ ఉంటాయి."

యమున నాగయ్య వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. ఆ నల్ల ఉండ ఇద్దరికీ గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"ఎందుకొచ్చిందండీ ఇది?" అని యమునే అడిగింది.

"ఖచ్చితంగా చెప్పలేమమ్మా. అక్కడి నరాలు పాడవుతాయి. తిండి వల్ల వచ్చేది కాదు."

ఆ గొట్టం తీసేసి, కడుపునే సన్నగా గొట్టంలా చేసి, రొమ్ములోంచి పైకి లాగి మెడ దగ్గర అతుకుతామన్నాడు. ప్రమాదం లేదని చెప్పలేమన్నాడు. నాగయ్య వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం చేయాలంటే యమున చేసింది. చేసేటప్పుడు కోటి మాట గుర్తొచ్చింది.

పొద్దున తీసుకుపోయిన మనిషిని సాయంత్రం దాకా బయటికి తేలేదు. నాగయ్య బీడీ కోసం బయటికీ లోపలికీ తిరిగాడు. యమున కుర్చీలోంచి కదల్లేదు. ఆకలి వేసి, చచ్చి, మళ్ళీ వేసింది. చివరికి ఐసీయూ అద్దంలోంచి చూడనిచ్చారు. మెడకు కట్టు, పక్కటెముకల దగ్గర గొట్టం, పొట్ట మీద గొట్టం, ముక్కులో గొట్టం. మొహం మాత్రం మస్తానమ్మదే. రొమ్ము పైకీ కిందకీ ఆడుతోంది. అది చూసి యమున అక్కడే గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

వార్డులోకి మార్చాక అసలు చాకిరీ మొదలైంది. నోటితో చుక్క నీళ్ళు కూడా ఇవ్వకూడదు. మెడ దగ్గర అతుకు కలిసేదాకా పొట్ట పక్కనున్న సన్నటి గొట్టంలోంచే పేగులోకి పోయాలి. నర్సు షాహిదా నేర్పింది.

"ఇట్టా పైకెత్తి పట్టుకో అక్కా. పిచికారీ నొక్కబాక. దానంతట అదే దిగాల. జావ బాగా వడగట్టు, పలుకు అడ్డం పడితే గొట్టం మూసుకుపోయిద్ది. అయిపోయినాక మంచినీళ్ళు పోసి కడుగు."

యమున వడగట్టిన జావ ఒక గుక్క తను తాగి, మిగతాది పిచికారీలో పోయబోయింది.

"అదేంది, పేషెంటుది నువ్వు తాగుతున్నావ్?" అంది షాహిదా. "ఆకలైతే క్యాంటీనుకి పో."

"అలవాటమ్మా," అంది యమున.

మస్తానమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. యమున ఎత్తిపట్టిన చేతినీ, గొట్టంలో మెల్లగా దిగుతున్న జావనూ చూస్తోంది. ఊరంతా ఎవరి చేతిది తినొద్దన్నదో ఆ మనిషే ఇప్పుడు నాలుక మీద కూడా పెట్టకుండా నేరుగా పేగులోకి పోస్తోంది. రుచి చూసి వద్దనడానికి కూడా లేదు. కాసేపటికి మస్తానమ్మ తల గోడవైపు తిప్పుకుంది.

వారం తిరగకుండానే జ్వరం పట్టుకుంది. అతుకు దగ్గర కాస్త కారుతోందన్నారు, ఊపిరితిత్తిలో నెమ్ము చేరిందన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగాలన్నారు. యమున మంచం కింద చాప వేసుకుని పడుకునేది. లేచి వీపు తట్టేది, దగ్గితే పడే కఫం గిన్నెలో పట్టేది, చీరలు ఉతికి వరండా కమ్మీ మీద ఆరేసేది. వార్డులో రోజులన్నీ ఒక్కలాగే ఉండేవి. కిటికీ మీద ఎండ ఎక్కేది, దిగేది. మస్తానమ్మ విసిగిపోయి, బొంగురు గొంతుతో గుసగుసలా మాట్లాడేది.

"నా వల్ల కాదే. చంపెయ్, పుణ్యముంటది."

"నేను చంపితే మేం ముందే చెప్పాం అంటారు ఊళ్ళో," అంది యమున, కాళ్ళు తుడుస్తూ. "ఆ సంబరం వాళ్ళకి దక్కనివ్వను. దగ్గు. గట్టిగా దగ్గు."

మస్తానమ్మకు నవ్వొచ్చింది. కుట్లు లాగి నొప్పితో తిట్టింది. ఆరేళ్ళలో తోడికోడలి నోట యమున విన్న మొదటి తిట్టు అది.

జ్వరం దిగింది. మళ్ళీ తెల్ల మందు తాగించి చూసి, అతుకు కలిసిందన్నారు. షాహిదా చెంచాతో నీళ్ళిచ్చింది. మస్తానమ్మ నోట్లో పెట్టుకుని మింగలేదు. బుగ్గలో దాచుకుని, అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తబోయింది. గొట్టాలు అడ్డం వచ్చాయి.

"చేతులొద్దు, మింగు," అంది యమున.

మింగింది. వెనక్కి వచ్చేదానికోసం కవరు పట్టుకుని కూర్చుంది. ఏమీ రాలేదు.

"పోయింది," అంది.

"యాడికి?"

"లోపలికి."

ఇంటికొచ్చాక కూడా బతుకు ఒక్కసారిగా బాగుపడలేదు. గుప్పెడు తింటే గుండె దడదడలాడి, చెమట్లు పట్టి, కాసేపు పడిపోయేది. వెల్లకిలా పడుకోకూడదు, ఇక ఎప్పటికీ. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాయి ఎత్తే రోజులు అయిపోయాయని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. యమున పొద్దున్నే తన పొయ్యి మీద రెండిళ్ళకూ వండి, జావ తీసుకుని గోడ అవతలికి వెళ్ళేది. ఒళ్ళు హూనమైనా మానలేదు. అప్పటికి ఆమెకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

ఒకరోజు యశోద చూడ్డానికి వచ్చి, మంచం పక్కన కూర్చుంది. మస్తానమ్మ చేతిలోని గ్లాసు చూసి పెదవి విరిచింది.

"ఏమే, ఇంకా దాని చేతిదే తాగుతున్నావా? ఒకసారి తిన్నది చాల్లా?"

యమున గుమ్మంలోనే ఉంది. అలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోబోయింది.

"యాడ తిన్నా, వదినా?" అంది మస్తానమ్మ.

"యాడేంది, పింకీ ఫంక్షన్లో. నువ్వు కోడికూర కలుపుతుంటే నేను పక్క వరసలో కూర్చునుండి చూడలా?"

"కలిపేదాకా చూశావ్."

యశోదకు అర్థం కాలేదు. యమునకూ కాలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాకు అంతకు రెండేళ్ళ ముందు నించే దిగేది కాదు. మీ అన్నక్కూడా చెప్పలా," అంది మస్తానమ్మ. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "పొద్దున మా ఇంట్లో తిన్న ఇడ్లీ గొంతులోనే ఉంది. అదే ఇంటెనక పడింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేందే? ఊరంతా దాన్ని అంటుంటే?"

"యాడికి పోయినా తిను తిను అని చంపేవోళ్ళు మీరు. ముద్దలు చేసి నోట్లో పెట్టేవోళ్ళు. ఆ మాట పుట్టినాక ఎవురూ బలవంతం చెయ్యలా. భయపడతందిలే, వదిలెయ్యండి అనేవోళ్ళు. నాకు పానం హాయిగా ఉండేది. అందుకని ఊరుకున్నా."

యశోద కాసేపు కూర్చుని, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానంటూ లేచిపోయింది.

యమున గిన్నె కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది.

"నీకు హాయిగా ఉండిందా, అక్కా?" అంది.

మస్తానమ్మ తల దించుకుంది. "తిట్టవే. నాలుగు తిట్టు."

"తిట్టే ఓపిక లేదు. జావ చల్లారిపోతంది, తాగు."

కుళాయి దగ్గర మాట ఆగలేదు. జావలో కూడా ఏదో కలిపి మస్తానమ్మ చేత అట్టా పలికిస్తోందని ఇప్పుడు కొత్తగా చెప్పుకుంటున్నారు. అయితే ఆ రోజు ఫంక్షన్లో మస్తానమ్మ అన్నం కలిపింది, ముద్ద చేసింది, నోటిదాకా తీసుకెళ్ళినట్టు చెయ్యి ఆడించింది, అందరికంటే ముందు విస్తరాకు మడిచి లేచిపోయింది. యమున వండిన దాంట్లో ఒక్క మెతుకు కూడా ఆమె నోట్లో పెట్టుకోలేదు.