నల్లాయనకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు

మే 12. తెల్లవారుజాము నుంచే ఉక్కపోత. పడమర మబ్బు పట్టి ఉంది. బయలుదేరే ముందు డాబా మీది నీళ్ల ట్యాంకు కడిగి నింపాను.

నేను బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు నిఘంటువు దగ్గర పెట్టుకుని రోజుకో మాట నేర్చుకోవడం అలవాటు. పోయిన వారం బ్రూయిన్ అనే మాట తగిలింది. ఎలుగుబంటి అని అర్థం. డచ్ భాషలో ఆ మాటకు గోధుమ రంగు అని అర్థమట. పాత జంతువుల కథల్లో ఒక ఎలుగుబంటికి పెట్టిన పేరు తర్వాత జాతి మొత్తానికీ అంటుకుంది. అక్కడితో వదిలేస్తే బాగుండేది. మామూలుగా వాడే బేర్ అనే మాట కూడా చూశాను. దాని మూలం కూడా గోధుమ రంగే అని కొందరు, కాదు అడవి మృగం అని కొందరు. అసలు పేరు పలికితే ఎదురుపడుతుందన్న భయంతో చలిదేశాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్ల పూర్వులు రంగు పేరుతో పిలిచేవారని మొదటివాళ్ల వాదన. వాళ్లు వదిలేసిన పాత పేరుకు చుట్టమైన మాట మన సంస్కృతంలో ఋక్షం అని మిగిలిందట. పేరంటూ ఒకటి ఉండగా రంగుతో పిలవడం దేనికో నాకు బోధపడలేదు. పైగా మన ఎలుగుబంటి నల్లగా ఉంటుంది.

ఆ అయోమయంలో ఉండగానే చాట్రాయి నుంచి మా చెల్లెలి భర్త ఫోను. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. "బావా, మామిడి తోటలోకి రాత్రిళ్లు ఎలుగుబంటి వస్తోంది. మంగళవారం కోత పెట్టాను. గాలివాన సూచన ఉందంటున్నారు. మనిషి సాయం కావాలి, వస్తావా?" కోతకు వచ్చిన కాయ గాలికి రాలితే మార్కెట్లో ఎవరూ ముట్టుకోరని నాకు తెలుసు. అతనికి ఏడాదికి ఉన్నది ఆ ఒక్క పంట. వస్తానన్నాను. ఆ జంతువు రంగు చూడాలనే ఆశ కూడా ఉందని చెప్పలేదు.

ఉంగుటూరు నుంచి ఉదయం ఐదున్నరకు షేర్ ఆటోలో హనుమాన్ జంక్షన్, అక్కడి నుంచి బస్సులో నూజివీడు. ఏడు దాటేసరికి దిగాను. మామిడి రోజుల్లో నూజివీడు బస్టాండు దాకా పండిన రసాల వాసన వస్తుంది. చాట్రాయి బస్సు గంటకు గానీ లేదన్నారు. ఒక ఆటో అటే వెళ్తోంది. సీటుకు అరవై రూపాయలు. దారి బాగుంది, రెండు వైపులా తోటలే. డ్రైవరు ఊరుకునే మనిషి కాదు. ఎందుకు వెళ్తున్నానో రాబట్టాడు. షేర్ల బజారులో ధర పడుతుందని చూసే వాణ్ణి కూడా ఇంగ్లీషులో బేర్ అంటారని చెప్పాను.

"ధర పడగొట్టేవాడికి అంత పేరెందుకండీ?" అన్నాడు. "మేం షావుకారు అంటాం, సరిపోద్ది."

చెల్లెలు పెట్టిన ఇడ్లీలు తిని, బావతో బండి మీద తోటకు చేరేసరికి తొమ్మిదిన్నర. గేటు లోపల కోత కూలీలు ఎనిమిది మంది, వాళ్ల మేస్త్రీ కోటయ్య, తోట కాపలా ఉండే నాగమణి ఉన్నారు. కూలీల చేతుల్లో పొడవాటి కర్రలు, వాటి చివర కాయ కోసే వల బుట్టలు. వాటిని చిక్కాలంటారు. నేను నలుగురిలో మాట్లాడే రకం కాదు. ఆ రోజు ఎందుకో మాట కలుపుదామనిపించి, ఆ జంతువును పేరు పెట్టి, ఎటు నుంచి వస్తోందని అడిగాను.

ఎనిమిది చిక్కాలూ నేల మీదకు దిగాయి. ఎవరూ నా వైపు చూడలేదు.

"ఎవరండీ ఈయన?" అని కోటయ్య బావను అడిగాడు.

"మా ఆవిడ అన్నయ్య. ఉంగుటూరు."

"వరిచేల మనిషి, పాపం ఆయనకేం తెలుసు. కానీ నోట్లోంచి పేరు పడిపోయిందిగా. మేం తోటలోకి దిగమండి."

బావ తల పట్టుకున్నాడు. "ఇంట్లో ఏమన్నా ఫర్వాలేదు బావా. గేటు దాటాక ఆ పేరు అనకూడదు. నీకు చెప్పడం మర్చిపోయా." పడమర మబ్బు పొద్దుటికంటే దగ్గరకొచ్చింది. కూలీ పెంచుతానని బావ రెండుసార్లు అన్నాడు. కోటయ్య వినిపించుకోలేదు. పోయిన ఏడాది నాగమణి భర్తను అది భుజం మీద గోళ్లతో చీరిందట. ఇప్పటికీ అతను చెయ్యి పైకెత్తలేడు. ఆ సంగతి విన్నాక వాళ్లది మొండితనం అనుకోలేకపోయాను.

దారి చూపింది నాగమణే. "పేరెట్టి పిలిచింది మీరు కాబట్టి మీరే ముందు నడవాలండి. ఆ చివర గట్టు దాకా వెళ్లి, వేరే పేరుతో మర్యాదగా పిలిచి, పని మీద వచ్చాం, కాగానే పోతాం అని చెప్పి రండి. మేమైతే నల్లాయన అంటాం."

"ఒక్కణ్ణేనా?"

"పిలిచింది ఒక్కరేగా."

వెళ్లాను. చివరి వరుస దగ్గర ఒక చీమల పుట్ట నిలువునా తవ్వి ఉంది. పక్కనే మామిడి టెంక ముక్కలతో దాని పెంట. పాతదో కొత్తదో తెలియలేదు. గట్టు మీద నిలబడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. నల్లాయనా అని పిలవడానికి నాకూ ఆయనకూ పరిచయం లేదు. ఏమని పిలవాలో తోచక, నోటికి వచ్చినట్టు, "బ్రూయిన్ గారూ! కాయ కోసుకుని వెళ్లిపోతాం!" అని అరిచాను. కంచె అవతల పొదలో ఏదో కదిలింది. పందో, కుక్కో, గాలో చెప్పలేను. వెనక్కి పరుగెత్తలేదు. నడిచానని కూడా అనలేను.

"ఏదో గారూ అన్నారు. ఎవరండీ ఆయన?" అని నాగమణి అడిగింది. అర్థం చెప్పాను. పేరు పలకడానికి భయపడి రంగుతో పిలిచారట అని కూడా చెప్పాను.

"ఇంగ్లీషోళ్లు కూడా భయపడ్డారా!" అని నవ్వింది. కోటయ్య కూడా నవ్వి అడిగాడు, "మరి అసలు పేరేంటంట?"

"మర్చిపోయారు. తరతరాలుగా అనకుండా ఉండి ఉండి, పోయింది. దాని చుట్టం మాట ఒకటి మన సంస్కృతంలో..."

"చెప్పకండి బాబూ!" నాగమణి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "మళ్లీ నడుస్తారా ఏంటి?"

కోటయ్య ఆ పేరు చెల్లుతుందా అని నాగమణిని అడిగాడు. "భయంతో పెట్టిందేగా, చెల్లుద్ది," అంది. అతను ఒక చిక్కం ఎత్తి పక్కనున్న కూలీకి అందించాడు. మిగతావాళ్లూ ఎత్తారు. మధ్యాహ్నం చెట్ల కిందే అన్నం. ముద్దపప్పు, కొత్తావకాయ, మజ్జిగ. నాలుగింటికి గాలి లేచేసరికి చివరి వరుస తప్ప అన్ని చెట్లూ అయ్యాయి. కాయలన్నీ ట్రేల్లో సర్ది పట్టా కప్పాం. చివరి వరుస కాయలు మా కళ్లముందే రాలాయి. బావ అటు చూసి, "పోనీలే, మీ బ్రూయిన్ గారికి సరిపోతాయి," అన్నాడు. పొద్దుటి నుంచి అతను నవ్వడం అదే మొదలు. సాయంత్రం బస్సుకు నన్ను చాట్రాయిలో దింపి, వద్దన్నా ఒక సంచి రసాలు చేతిలో పెట్టాడు.

రంగు చూడాలని వెళ్లాను, చూడలేదు. బేర్ అంటే గోధుమ రంగో అడవి మృగమో అన్న సందేహం కూడా అలాగే ఉంది. పేరు వదిలేసుకోవడం దేనికో మాత్రం ఆ గట్టు మీద కొంత తెలిసినట్టే అనిపించింది. ఇంటికొచ్చాక మళ్లీ తెలియడం లేదు. నాగమణి మనవలు కూడా నల్లాయన అనే పెరిగితే, ఎప్పటికో ఒకనాటికి అక్కడా అసలు పేరు పోతుందా? పోతే నష్టమా? మీరు ఆ తోటలు చూడ్డానికి వెళ్లేవారైతే ఒక్క మాట. తెల్లవారుజామున, మునిమాపున తోటలో తిరగొద్దు. గేటు బయటే ఆగి, కాపలా వాళ్లను పిలిచి, లోపల ఏమనవచ్చో ఏమనకూడదో ముందే అడగండి.

ఇంతవరకు రాసింది మొదటి నుంచి చదువుకున్నాను. తోట గేటు దాటిన చోటు నుంచి ఆ పేరు నేను ఒక్కసారి కూడా రాయలేదు. కావాలని మానలేదు. ఇక్కడ ఉంగుటూరులో, తలుపు వేసుకుని కూర్చుని, వినేవాళ్లెవరూ లేకపోయినా రాయలేదు. ఇప్పుడు రాద్దామని పెన్ను ఆనించాను. వరండాలో సంచి అలాగే ఉంది. కాయలు గడ్డిలో మగ్గబెట్టాలి, ముందు ఆ పని చూసుకుంటాను.