గడిలో తలకట్టు

మొన్న గురువారం పొద్దున్న పదింపావుకు, బంగ్లా మాట్లాడే ఈ రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర మా ఇంటి వరండాలో నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, మా కూతురి కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. పాత వీడియో గేముల్లో అక్షరాలు చిన్న చిన్న గళ్ళు పేర్చినట్టు ఉండేవట. వాటిని పిక్సెల్ అక్షరాలంటారట. అలాంటి గేమే ఒకటి తయారుచేస్తోంది. అందులో ఒక పిల్ల రైల్వే క్వార్టర్లలో ఇంటింటి తలుపూ తడుతుంది. మాటలన్నీ తెలుగులో ఉండాలని దీని పంతం. ఆదివారం కాలేజీలో చూపించాలి. ఆలోగా అక్షరాలు కుదరకపోతే ఇంగ్లీషు పెట్టేయడమే.

కళ్ళజోడు సవరించుకుని చూశాను. "బంగ్లా బాగానే రాసినావే" అన్నాను.

"తెలుగే అమ్మమ్మా! సరిగ్గా సూడు."

సరిగ్గానే చూశాను. బడిలో బంగ్లా, హిందీ రాసిన చెయ్యి కదా, తలకట్లన్నీ సాపుచేసి ఒకే అడ్డగీతగా కలిపేసింది. అక్షరాలు తీగ మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి. ఒత్తులేమో కింది వరస నెత్తినెక్కి కూర్చున్నాయి.

మా అత్తగారు గుర్తొచ్చారు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో మధ్యాహ్నం వంటిల్లు కడిగాక, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, మెట్టు మీద కూర్చుని గళ్ళ నేత మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్‌తో తెలుగు పేర్లు కుట్టేవారు. గుడి తెర మీద అమ్మవారి పేరు, దిండు గలీబుల మీద ఇంట్లోవాళ్ళ పేర్లు. తెల్లవారేసరికి మామగారి చెంప మీద ఆయన పేరు సగం అచ్చుపడి ఉండేది. అలాగే డ్యూటీకి వెళ్ళిపోయేవారు. అత్తగారు ఎప్పుడూ కిందినుంచి లెక్కపెట్టేవారు. ఒత్తుకు మూడు గళ్ళు, అక్షరానికి అయిదు, తలకట్టుకు రెండు. "ముందు కింద పడుకునేవోళ్ళకి సోటియ్యాల, తర్వాతే నిలబడేవోళ్ళకి" అనేవారు. చుట్టాలొచ్చినప్పుడు మా క్వార్టర్లో పద్ధతీ అదే.

"ఎత్తుకి పది గళ్ళు కావాల" అన్నాను.

"అందరూ ఎనిమిదే పెడతారు అమ్మమ్మా. పదైతే స్క్రీన్ మీద ఇరవై వరసలు పట్టే సోట పదహారే పడతాయి."

"ఆ అందరికీ ఒత్తులున్నాయేటే?"

కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "ఠీక్ హై" అంది. తలకట్టు అడ్డగీతలా కాక, టిక్కు పెట్టినట్టు ఒక గడి కిందికి, రెండు గళ్ళు పైకి వెయ్యమన్నాను.

శనివారం సాయంత్రం మా పెద్దాడపడుచు టీకి వచ్చింది. ఏమీ చెప్పకుండా స్క్రీన్ ఆవిడ ముందు పెట్టాం. మెడ వెనక్కి వంచి, దూరం పట్టి చదివింది: "అత్తమ్మా, గడప దాటనా?" చదివి, బొమ్మలోని పిల్లనే గదమాయించింది: "కాళ్ళు కడుక్కొని రాయే!"

మనవరాలు ఆవిణ్ణి కావలించుకుని టీ ఒలకబోసింది. ముందుజాగ్రత్తకు రాసి పెట్టుకున్న ఇంగ్లీషు మాటలు అప్పటికప్పుడే తీసేసింది.

కాలం తన వాటా తీసుకోక మానదు. ఈసారి తక్కువతోనే సరిపెట్టుకుంది. పోయినవి: స్క్రీన్ మీద నాలుగు వరసలు, గళ్ళలో చోటు చాలక థకారం పొట్టలో చుక్క, ఒక కప్పు టీ.