చప్పుడు చెయ్యని రాకెట్

టెంట్ హౌస్ మామ పోయారని పంక్చర్ షాపు అతను వచ్చి చెప్పేసరికి నేను బడి యూనిఫారాలకు కాజాలు కుడుతున్నాను. "దీదీ, మామ గుజర్ గయే" అన్నాడు. మూడు భాషల్లో గలగలా వాగే మనిషి ఆ ఒక్క ముక్క అని గడప మీద కూలబడ్డాడు. తర్లగూడలో పెళ్లికి పోవాల్సిన సామాను ట్రాక్టర్ మీదికి ఎక్కిస్తూ, మామ ఛాతీ పట్టుకుని అక్కడే గుంజల మీద కూర్చున్నారట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

మా భోపాల్‌పట్నంలో ఎవరింట్లో ఎవరు పోయినా మొదటి కబురు ఆయనకే వెళ్లేది. పాడెకు వెదుర్లు రాకముందే ఆయన గుంజలు దిగేవి. అలాంటి మనిషి ఇంటి ముందు టెంటు ఎవరు వేయాలి? ఆయన దగ్గర పనిచేసేవాళ్లు గోదాం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏంది చూస్తున్నరు? ఆయన లేచొచ్చి చెప్తడా?" అని నేనే కసిరాను. కసిరాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. రాష్ట్ర సరిహద్దు అవతలి తెలుగు నేల నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి కుట్టు దుకాణం పెట్టుకున్నదాన్ని. నా దుకాణానికీ ఆయన గోదాముకూ మధ్య ఒకటే గోడ. నేను మామ అనేదాన్ని, ఆయన కోడలుపిల్లా అనేవారు. చిరిగిన షామియానాలన్నీ నా మిషను మీదికే వచ్చేవి. ఆ దారినే రాకెట్ కూడా నా నెత్తిమీదికి వచ్చింది.

చంద్రుడి మీదికి పంపిన రాకెట్ పైకి లేవడం ఫోన్లో ఊరంతా చూసింది. చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని ఎవరి పనికి వాళ్లు పోయారు. మామ మాత్రం అక్కడే ఆగిపోయారు. ఒకరోజు చిరిగిన గుడ్డ పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచారు.

"కోడలుపిల్లా, నా బతుకంత లేపుడు, దించుడు. ఇయ్యాల లేపిన పందిరి తెల్లారి దించాలె. మీటింగుకు లేపినా గంతే, లగ్గానికి లేపినా గంతే. ఒక్కటన్న నా చెయ్యి అందనంత మీదికి పోవాలె."

"పోయి?"

"పోయి ఏముంది? చూస్తం."

రాకెట్ ఎందుకు అన్నదానికి ఆయన ఎవరికైనా ఇచ్చిన వివరణ అంతే. అంతకు మించి ఆయన దగ్గర ఇంకేమీ లేదని నా నమ్మకం.

మందు కూరి లేపే రాకెట్ మా దగ్గర కుదరదు. ఎందుకు కుదరదో బస్తర్‌లో ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్లకు ఒక్క మాట చాలు: మా దగ్గర ఢామ్మని వినిపిస్తే పెళ్లి ఎక్కడని ఎవరూ అడగరు. అందుకే మామ మొదటిరోజే తేల్చేశారు. "మందు ముట్టేది లేదు. సప్పుడు చెయ్యకుండ పోయేదే మన రాకెట్."

అది నీళ్ల రాకెట్. కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, తలకిందులుగా స్టాండు మీద కట్టేస్తారు. బిరడాలో సైకిల్ ట్యూబు వాల్వు ఉంటుంది. దాంట్లోంచి గాలి కొడతారు. కట్టిన తాడు వదిలిన క్షణంలో నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి పోతుంది. గాలి పంక్చర్ షాపు కంప్రెషర్‌ది. దిగేటప్పుడు విచ్చుకోవాల్సిన పారాచూట్ నాది, పాత షామియానా అస్తరుతో కుట్టింది. తాడు మామది. ఆయన వేసేది జారుముడి. షామియానా తాళ్లకు జీవితమంతా వేసిందే. ఎంత గాలికీ కదలదు, కొస పట్టి లాగితే చాలు, ఊడి వస్తుంది. "కట్టేటప్పుడే ఇప్పేది ఆలోచించాలె" అనేవారు. టెంటు పనికి కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన మొదట చెప్పే మాట అదే.

ఆయనకు దూరంగా నిలబడటం రాదు. తాడు లాగి పక్కకు దూకమంటే దూకేవారు కాదు. సీసా వెనకే మెడ ఎత్తి, నోరు తెరుచుకుని, నీళ్లన్నీ మీద పడేదాకా అక్కడే నిలబడేవారు. మామ భార్య, మా అత్త, ఆయన తడి చొక్కాలు దండెం మీద వేస్తూ, "నాకు పెళ్లయినప్పటి సంది పిల్లలు పెద్దగైండ్రు గని ఈయన కాలేదు" అని గోడ మీదుగా నాతో చెప్పేది.

మొదట్లో గోదాం కప్పు దాటితే గొప్ప. ఇంకా పైకి పోవాలని రెండు సీసాలు అతికించారు. ఒక అంగడి రోజు, పంక్చర్ షాపు వెనక దానికి గాలి కొట్టి చూస్తున్నాం. "బస్ మామా, హవా ఎక్కువైతోంది" అన్నాడు అతను. "ఇంకొంచెం" అన్నారు మామ. అతుకు బాగానే ఉంది. సీసాయే పగిలింది.

ఆ చప్పుడు ఎలాంటిదో నేను వర్ణించను. అంగడిలో ఉన్నవాళ్లు ఉన్నట్టే నేల మీద పడుకున్నారు. తరాజులు, చింతపండు గంపలు, కోళ్లు ఎక్కడివక్కడే. దుకాణాల షట్టర్లు వరసగా కిందికి పడ్డాయి. అంత నిశ్శబ్దంలో మామ చినిగిన సీసా రెండు చేతులతో పైకెత్తుకుని రోడ్డు మధ్యకు పరుగెత్తారు. "సీసా! నా సీసా! బాటిల్ హై, బాటిల్!" అని తెలుగులో, హిందీలో, గోండీలో అరుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరకు తిరిగారు. ఠాణాలో సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అక్కడి సాబు సీసా ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ఇక మీద ఏం చేసినా ముందు చెప్పి చేయమని పంపేశాడు.

తలుచుకుని నవ్వుకోవాల్సిన సంగతే. ఆకుల అవ్వ పడకపోయి ఉంటే మేమూ నవ్వుకునేవాళ్లమే.

అవ్వ అడవి లోపలి ఊరు విడిచి రోడ్డు మీదికి వచ్చి చాలా ఏళ్లయింది. ఎందుకు వచ్చిందో ఆమె చెప్పదు, మేమూ అడగం. అంగడి రోజున మామ గోదాం అరుగు మీద కూర్చుని విస్తరాకులు అమ్మేది. ఆ చప్పుడుకు లేచి పరుగెత్తి కాలవ దగ్గర పడిపోయింది. మణికట్టు విరిగింది. మామే కట్టు కట్టించారు, విరిగింది అతుక్కుంది. కానీ ఆమె మళ్లీ అంగడికి రాలేదు. ఆ అరుగు మీద వేరెవరూ కూర్చోలేదు, మామ కూర్చోనివ్వలేదు.

ప్రతి అంగడికీ పొద్దున్నే ఆయన ఆమె గుడిసెకు పోయేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"అంగడికి రా అవ్వా."

"రాను కొడుకా. నీ గోదాం కాడ సప్పుడైతది."

"ఇగ కాదు."

"మొన్న నువ్వు కావాల్నని చేసినవా? లేదు గద. అయినా అయ్యింది."

మామ లేవబోతూ అన్నారు: "అట్లయితె ఇను. ఇగ రాకెట్ లేస్తె నీ చేత్తోనే లేస్తది. నువ్వు తాడు లాగకుంటె లేవదు."

"అయితె లేవదు తియ్యి" అంది అవ్వ.

నాకు ఒళ్లు మండింది. అప్పటికే మూడు పారాచూట్లు కుట్టి ఉన్నాను. పంక్చర్ షాపు అతనిదీ అదే గోల. "ఇంద్రావతి ఒడ్డుకు పోదాం మామా, అక్కడ ఎవరూ ఉండరు" అన్నాడు.

"ఎవలు లేని కాడ లేపితె ఎవలు భయపడరు, నిజమే. గని ఎవలు సూడరు గద" అన్నారు మామ. తర్వాత నా వైపు తిరిగి, "దీని మూలాన ఒక మనిషికి అంగడి బందయ్యింది కోడలుపిల్లా. ఆమె మళ్ల ఆడ కూసోకుంటె, ఇది ఎంత మీదికి పోయినా నాకు పోయినట్టు ఉండదు" అన్నారు. నేను పారాచూట్లు మూట కట్టి పక్కన పెట్టాను. స్టాండు మీద దుమ్ము పేరుకుంది.

ఆయన అవ్వను బతిమాలడం మానేశారు. చిన్న సీసా ఒకటి, సైకిల్ పంపు ఒకటి పట్టుకుని పోయి ఆమె వాకిట్లో కూర్చునేవారు. మొదట్లో లేపనేలేదు. పంపు నాలుగుసార్లు కొట్టి, గాలి సుయ్‌మని వదిలేసేవారు, అంతే. అవ్వ గుడిసెలో నుంచి వినేది. కొన్నాళ్లకు గడపలోకి వచ్చి వినేది. ఒకరోజు చిన్న సీసాను చూరు ఎత్తు దాకా లేపారు. నీళ్లన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. అవ్వ పకపకా నవ్విందట. "దూరం నిలబడు కొడుకా, తడుస్తవు" అందట.

తర్వాత ఆమెకు అనుమానాలు మొదలయ్యాయి. అది మంచి గుర్తు అని మామ మురిసిపోతూ నాకు చెప్పారు.

"మందు లేదా దీంట్ల?"

"లేదవ్వా. నీళ్లే."

"నీళ్లు కిందికి గద వోతయి. మీదికెట్ల పోతది?"

"గాలి తోస్తది."

"గాలికి అంత బలమా?"

"మా టెంట్లను అడుగు" అన్నారట మామ.

అవ్వ సరేనన్న మర్నాడు మామ ఆటోకు మైకు కట్టారు. పెళ్లిళ్లకు, మీటింగులకు కిరాయికిచ్చే మైకే. ఊరంతా, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగారు. "అందరికి మనవి. రేపు గోదాం ఎనక మైదానంల సీసా లేస్తది. మందు లేదు, నీళ్లే. సుయ్‌మంటది. ఎవలు భయపడొద్దు." అదే హిందీలో, అదే గోండీలో. ఠాణా ముందు ఆపి మరీ రెండుసార్లు చెప్పారు. దీంతో ఫాయిదా ఏందని దారిలో ఎవరో అడిగితే, మైకు నోటి దగ్గర పెట్టుకునే "ఫాయిదా ఏం లేదు, వచ్చి చూడుండ్రి" అన్నారు.

వచ్చారు. అవ్వ తాడు కొస చేతికి చుట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని లాగింది. సీసా సుయ్‌మని తాటిచెట్టు దాటి పోయింది. నా పారాచూట్ విచ్చుకోలేదు. సీసా నేరుగా వచ్చి పంక్చర్ షాపు రేకుల మీద పడింది. జనం గోల చేస్తుంటే అవ్వ కళ్లు తెరిచి, "ఏది? నేను సూడలే" అంది. మళ్లీ గాలి కొట్టాల్సి వచ్చింది. రెండోసారి కళ్లు తెరుచుకుని లాగింది. మామ రెండుసార్లూ నిలువునా తడిశారు. రెండుసార్లూ ఆమె చేత తిట్లు తిన్నారు. తర్వాతి అంగడికి అవ్వ విస్తరాకుల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. మామ ఆ రోజు ఏ పనీ చేయకుండా ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అప్పటి నుంచి అది మా పద్ధతి అయింది. ముందు మైకు, తర్వాత గాలి, తర్వాత అవ్వ చెయ్యి. లేపడానికి ముందు రోజే ఆయన సీసాలో నీళ్లు పోసి, బిరడా బిగించి, స్టాండుకు కట్టి ఉంచేవారు, ఎక్కడైనా కారుతుందేమో చూడటానికి.

మామను మట్టికి మోసుకెళ్లే రోజు సరిహద్దు అవతలి నుంచి వచ్చిన చుట్టాలు పెద్ద సంచి నిండా పటాకులు తెచ్చారు. అటువైపు శవయాత్రలో పటాకులు కాల్చడం పోయిన మనిషికి మర్యాద. వాళ్లను తప్పు పట్టలేం. మామ పెద్దకొడుకు ఆ సంచి తీసుకుని, నీళ్ల బకెట్లో ముంచి పక్కన పెట్టాడు. "మా బాపు రోడ్డు మీద పోతుంటె ఎవలు ఉలిక్కిపడొద్దు" అన్నాడు. డప్పులు కొట్టారు. డప్పంటే అవ్వకు భయం లేదు.

పాడెను గోదాం వెనక మైదానంలో దించారు. అక్కడే మాకు దింపుడు కళ్లం. దించిన చోట, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తాం, ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతారని. పెద్దకొడుకు వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. నేనూ చెవి ఒగ్గి నిలబడ్డాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

పక్కనే స్టాండు ఉంది. గోదాంలో ఎలా ఉందో అలాగే మోసుకొచ్చాం. మర్నాడు లేపుదామని ఆయన పోయేముందు నీళ్లు పోసి కట్టి పెట్టినదే. ఎక్కడా కారలేదు. ఆ జారుముడి ఆయనదే, మేమెవరం దాని మీద చెయ్యి వేయలేదు. ముందు ఆటోలో మైకు తిరిగింది. సీసా లేస్తది, మందు లేదు, నీళ్లే అని కొడుకు మూడు భాషల్లో చెప్పించాడు. పంక్చర్ షాపు అతను ఏడుస్తూనే గాలి కొట్టాడు.

అవ్వ తాడు లాగింది. ముడి ఊడి వచ్చింది. సీసా తాటిచెట్టు దాటి, ఎప్పుడూ పోనంత పైకి పోయింది. అక్కడ నా పారాచూట్ విచ్చుకుంది. నీళ్లు మా మీద, పూల మీద, పాడె మీద పడ్డాయి. పెద్దాయన ఎవరో గొణిగాడు. అవ్వ తాడు వదిలేసి పాడె దగ్గరికి పోయింది. చతికిలబడి, కొంగుతో మామ ముఖం మీది నీళ్లు తుడిచింది.

"ఎన్నిమాట్ల చెప్పిన కొడుకా," అంది, "దూరం నిలబడుమని."