అత్తమ్మ సబ్బుగూడు, నా స్టీలు స్టాండు

బరంపురంలో కాపురం పెట్టినప్పట్నుంచీ తుపానులు చూశాను, కరెంటు లేని వారాలు చూశాను. పెరటి రేకులు గాలికి లేచిపోయిన రోజు కూడా మా ఇంట్లో ఎవరి స్నానమూ ఆగలేదు. దాన్ని ఆపిన ఘనత నాదే. ఒక గోడ, నాలుగు మరలు, ఒక స్టీలు స్టాండు, వీటన్నిటికన్నా ప్రమాదకరమైన నా నోరు కలిస్తే ఎంత అనర్థమో చెబుతాను వినండి. డ్రిల్లు తగిలి పైపు పగిలిందని మీరప్పుడే అనేసుకుని ఉంటారు. పైపు పగిలినా బాగుండేది. ప్లంబరు అతికించేవాడు.

మాది రైలుపెట్టెలాంటి ఇల్లు. ముందు అప్పడాల కొట్టు, దాని వెనక ఒకదాని తోకపట్టుకుని ఒకటిగా గదులు, చిట్టచివర స్నానాలగది. గోడలు పక్కింటివాళ్ళతో ఉమ్మడి. ఆ స్నానాలగది గోడలో, నేలకి మూరెడెత్తున, ఒక గూడు ఉండేది. అందులో మా అత్తమ్మ ఆస్తి మొత్తం కొలువుండేది: సబ్బు, సున్నిపిండి డబ్బా, పసుపుకొమ్ము, కాళ్ళు రుద్దుకునే రాయి. గూటి అంచు జిడ్డుతో నల్లగా నిగనిగలాడుతుండేది. అది చూస్తే నాకు ఒళ్ళు మంట. ఫిజిక్సుతో బి.ఎస్సీ. చదివినదాన్ని, గుహలో స్నానం చేయడమేమిటని.

ఒకరోజు సంచీలో అయస్కాంతం వేసుకుని బజారుకి బయల్దేరాను.

"ఇది స్టెయిన్‌లెస్సేనా?" అన్నాను కొట్టాయనతో.

"నూటికి నూరుపాళ్ళు, అమ్మా."

ఫ్రిజ్ తలుపు మీంచి పీక్కొచ్చిన అయస్కాంతం తీసి ఆనించాను. అసలైన స్టెయిన్‌లెస్సుకి అంటకూడదు. టక్కున అతుక్కుంది.

"ఇదేటి మరి?"

"అమ్మా, ముప్పై ఏళ్ళ నుంచి కొట్టు నడుపుతన్నాను. అయస్కాంతం అట్టుకుని సామానుకొచ్చినోళ్ళు మీరే."

"సముద్రపు గాలి మనకి. ఆర్నెల్లకి తుప్పడితే నీకేటి, గోడ నాది!"

ఎనిమిదో స్టాండు మీద అయస్కాంతం నిలవకుండా జారిపోయింది. మూడు అరలు, మరలతో బిగించేది. డబ్బా మీద బొమ్మలో ఒక దొరసాని షవరు కింద నిలబడి, భుజమెత్తున ఉన్న అరలోంచి షాంపూ అందుకుంటూ నవ్వుతోంది. నన్ను ముంచింది ఆ నవ్వే.

"ఏటే అది?" అంది అత్తమ్మ, నేను డబ్బా విప్పుతుంటే.

"గోడకి స్టాండు అత్తా. ఆ గూడు పూడ్పించేసి, టైల్సు ఏయించి, దీన్ని బిగిస్తాను."

"ఆ గూడా? ఏటంటే అమ్మీ..."

"నాకు తెల్సు. బొద్దింకలు. ఇక రావు."

మర్నాడు దండాసి మిస్త్రీ సిమెంటు కలుపుతుంటే అత్తమ్మ గోడ పట్టుకుని మళ్ళీ వచ్చింది. "అలాగే పూడ్సండి గానీ, ఏటంటే..."

"జారే టైల్సు కావు అత్తా. సూసే కొన్నాను."

"అది కాదే. ఏటంటే..."

"నీ సామాన్లన్నీ పడతాయి. మూడు అరలు!"

మా ఆయన కొట్లోంచి తొంగిచూశారు. "అమ్మ ఏటో సెప్తంది. ఇనొచ్చు కదా?"

"మీరెల్లి అప్పడాలు సూసుకోండి."

పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి. వెళ్ళి అప్పడాలు చూసుకున్నారు.

గూడు పూడింది. టైలు పడింది. డ్రిల్లు పెట్టబోతూ దండాసి ఆగాడు. "నానీ," అన్నాడు, మా గంజాం ఒడియాలో అక్కని అలాగే పిలుస్తారు. "ఇంట్లో మీరు కూకుని పోసుకుంటారా, నిల్చునా?"

"డబ్బా మీద బొమ్మ సూడు. ఆమె కూకుందా?"

అతను బొమ్మని చూశాడు, నన్ను చూశాడు, భుజమెత్తున నాలుగు కన్నాలు వేశాడు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. మా షవరు అలంకారానికే. తిప్పితే జలుబు చేసిన ముక్కులా కారుతుంది. ఇంటిల్లిపాదీ పీట మీద కూర్చుని, బకెట్టులోంచి చెంబుతో పోసుకునేవాళ్ళమే. అంటే ఆ దొరసాని తప్ప ఆ స్టాండు ఎవరికీ అందదు. ఇంత చిన్న సంగతి, అయస్కాంతంతో ఇనుప గుట్టు లాగిన నా బుర్రకి తట్టనే లేదు.

మొదటి పొద్దునే లోపల్నుంచి మా ఆయన కేక. "ఒసే, సబ్బెక్కడే?"

"మీ నెత్తి మీదే!"

"కళ్ళు మండిపోతన్నాయే!"

"లెగండి మరి!"

లేచారు. ఠంగున మోగింది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో బయటికొచ్చి, "మంచి స్టీలే," అన్నారు.

నేను ఒప్పుకుంటానా? ఇల్లంతా కూర్చుని పోసుకుంటే ఉలిపికట్టె నిలబడి పోసుకుందట. చెంబు ముంచడానికి వంగి, పోసుకోవడానికి లేచి, చిలిక సరస్సులో చేపలు పట్టే కొంగలా స్నానాలు చేశాను. నడుం పట్టేసింది. "సుఖంగా ఉంది," అన్నాను.

అత్తమ్మ తన సామానంతా చిన్న వెదురుబుట్టలో వేసుకుని లోపలికి వెళ్ళడం మొదలుపెట్టింది.

"అస్కా సంతకి ఎల్తన్నావేటి అత్తా?" అని నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఎందుకంటే అత్తమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా తన స్నానం తనే చేసుకోవాలని పట్టుదల. "గడియేసుకుని తానం సేసినన్నాళ్ళే నాను మనిషిని. తర్వాత సామానునే," అనేది. ఆ గడియ ఒక్కటే ఆవిడకి మిగిలిన రాజ్యం.

పదకొండో రోజు స్నానాలగదిలో బకెట్టు బోర్లాపడిన చప్పుడైంది. పరిగెత్తాను.

"అత్తా, ఏటయింది?"

"ఏటీ నేదు. బకెట్టు పడింది."

"తలుపు తియ్యి."

"తీస్తాను. నువ్వెల్లు."

"నీళ్ళు పడతాను అత్తా!"

"ఒద్దు. ఎల్లమంటన్నాను కదా, అమ్మీ."

పావుగంట గడిచింది. లోపల పీట నేల మీద బరబరా ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్ళీ ఈడ్చుకుంటూ తలుపు దాకా వచ్చింది. గడియ జారింది.

"సీర కప్పుకున్నాను. ఇప్పుడు రా."

పీట మీదే ఉంది. మొహం మీద సబ్బు ఎండిపోయి, సగం సున్నం కొట్టిన గోడలా ఉంది.  నీళ్ళు తెచ్చి కడిగి, చంకల కింద చేతులు వేసి లేపాను.

"ఇప్పుడు సెప్పనా?" అంది.

తలూపాను.

"ఏటంటే, ఆ గూడు మీ మావ సొయంగా తవ్వినారు. నాను కాపరానికొచ్చిన కొత్తల్లో. పీట మీద కూకోబెట్టి, సెయ్యి సాపమని, ఏలు తగిలిన కాడ బొగ్గుతో గీసినారు. అంచుకి గట్టి సెక్క దిగ్గొట్టినారు, అట్టుకుని లెగడానికని. నా మోకాళ్ళకేటి రోగం, ఎందుకిది అన్నాను. ముసిలోళ్ళం కామేటి అన్నారు. ఇన్నాళ్ళూ దాన్నట్టుకునే లెగిసినాను. మొన్నటి నుంచి బకెట్టట్టుకుని లెగుస్తన్నాను. ఇయ్యాల అది తిరగబడింది. అంతే."

నేను అసహ్యించుకున్న ఆ నల్లటి జిడ్డు, ఇన్నేళ్ళ ఆవిడ అరచెయ్యి.

గూడు పూడ్చాక సబ్బు గుర్తొచ్చినట్టు, దండాసికి ఫోన్ చేశాను. వచ్చి గోడ తట్టి చూశాడు. "నానీ, ఇది పాత సున్నం గోడ. మల్లీ తవ్వితే పక్కింటోళ్ళ వంటగదిలో తేల్తాం. మొన్నే అడిగాను కదా," అన్నాడు. కరెక్టే. అడిగాడు.

పట్టుకుని లేవడానికి గోడకి రాడ్డు కొనడానికి మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను. ఈసారి అయస్కాంతాన్ని కాదు, అత్తమ్మని తీసుకెళ్ళాను. ఆవిడ ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తూ గంటసేపు తీసుకుంది. కొట్టాయన నావంక బిక్కుబిక్కుమంటూ చూశాడు. నేను పెదవి కదపలేదు.

ఇంటికొచ్చి స్టాండు విప్పించాను. అత్తమ్మని పీట మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమని, పెన్సిలుతో గీత పెట్టబోయాను.

"ఇంకాస్త కింద," అంది. "ఇది అప్పటి సెయ్యి కాదే."

కాస్త కింద గీశాను. గీత వంకరగా వచ్చింది. కళ్ళలో సబ్బు పడిందని చెప్పాను. సబ్బు ఇంకా బుట్టలోనే ఉంది.

ఇప్పుడు ఆ గీత మీద రాడ్డు, దాని పక్కనే మోకాలెత్తున మా స్టాండు ఉన్నాయి. పైన నాలుగు కన్నాలు నన్ను వెక్కిరిస్తూ అలాగే ఉన్నాయి. గడియ మళ్ళీ లోపల్నుంచే పడుతోంది. గూడు మాత్రం రాదు.

అందుకని తడిచేత్తో ఆ నాలుగు కన్నాలనూ తాకి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరైనా "ఏటంటే" అన్నాక, వాళ్ళ మాట పూర్తయ్యేదాకా నోరు తెరవను. ఈ మాటే గంభీరంగా మా ఆయనకి చదివి వినిపించాను.

"బాగుంది," అన్నారు. "గానీ, ఏటంటే..."

"నాకు తెల్సు లెండి!"

ఇది లెక్కలోకి రాదు. ప్రమాణం అత్తమ్మకి చేశాను, ఆవిడ కొడుక్కి కాదు.