దర్శనం తర్వాతే దవాఖాన: బీదర్‌లో మా అత్త పరీక్ష

మా మేనత్త సత్తెమ్మకు రొమ్ములో గడ్డ తగులుతోందని నాకు చెప్పింది ఆమె కాదు, పక్కింటి రత్నమ్మక్క. బీదర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉండే చింతకిలో ఆ మాట పైకి అనరు. "ఛాతిల మంచిగ లేదు" అన్నా వినేవాళ్లు చూపు తిప్పుకుంటారు. నేను హైదరాబాదు నుంచి వెళ్లి పరీక్షకు పోదామంటే అత్త మొండికేసింది. "ముందుగాల ఝరణి నరసింహస్వామిని జూడాలె. గప్పుడే దవాఖాన," అంది. నాకు ఒళ్లు మండింది గానీ, తలూపాను.

పొద్దున్నే బస్సెక్కి ఔరాద్ మీదుగా బీదర్ చేరాం. రత్నమ్మక్క తోడొచ్చింది. స్వామి ఉండే గుహకు ఆటోవాడు నూట యాభై అడిగి వందకు ఒప్పుకున్నాడు. "నీళ్లు ఛాతి దాక ఉన్నయమ్మా, పైలంగ దిగుండ్రి," అన్నాడు. నిజమే. చీకటి గుహ, చల్లటి నీళ్లు, తలల మీద గబ్బిలాలు, ముందూ వెనకా నరసింహా అంటూ నడిచే జనం. నాకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రమే, అయినా ఆ చివర స్వామి ముందు నేనూ చేతులు జోడించాను. బయటికొచ్చాక చూసింది ఇంకా గొప్పగా అనిపించింది. బట్టలు మార్చుకునే ఆడమనిషి చుట్టూ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు చీర పట్టి నిలబడుతున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

పదకొండు గంటలకు దవాఖానలో ఉన్నాం. డాక్టరమ్మ రవిక విప్పమనగానే అత్త బల్ల మీంచి దిగిపోయింది. "నా మొగని ముందట గూడ దీపం ఆర్పిన. ఈడ ఇప్పుతనా?" అంది. తలుపు దాకా వెళ్లిపోయింది కూడా. ఇక అయిపోయిందనుకున్నాను. రత్నమ్మక్క సంచిలోంచి గుహలో తడిసిన చీర తీసి, ఒక కొస నాకిచ్చి, "సిస్టరమ్మా, గా నడుమ నువ్వు పట్టు," అంది. సిస్టర్ నవ్వలేదు, పట్టుకుంది. అత్త తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, ఆ చీర లోపలికి వచ్చి రవిక విప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత రొమ్ముకు ఎక్స్‌రే తీసే మిషన్ గదికి తనే నడిచి వెళ్లింది.

ఈ వయసులో అందరూ చూపించుకోవాలని డాక్టరమ్మ రత్నమ్మక్కకు కూడా చెప్పింది. "నాకేం నొప్పి లేదమ్మా," అందామె. "నేను ఇప్పినంక నీకేం సిగ్గే, పో," అని అత్త గదమాయించి పంపింది.

రిపోర్టులొచ్చాక చూస్తే అత్తది ప్రమాదం లేని గడ్డ. రత్నమ్మక్కను మాత్రం మళ్లీ పిలిచారు, సూదితో పరీక్ష చేశారు. క్యాన్సరే, కానీ చేతికి తగలనంత చిన్నది. ఇప్పుడు వైద్యం నడుస్తోంది, కోలుకుంటుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. సిగ్గు పోగొడితే తప్ప మా ఆడవాళ్లు పరీక్షకు రారని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాళ్లు సిగ్గును వెంట తీసుకునే వచ్చారు, దానికి చోటిస్తే చాలింది. మీరూ ఇంట్లో ఎవరినైనా తీసుకెళ్తుంటే ఒక్క సంగతి: తోడొచ్చిన ఆడమనిషిని బయట కూర్చోబెట్టకండి, ఆమెకూ పరీక్ష చేయాలేమో డాక్టరును అడగండి.